వెనిస్ ముద్ర

వెనిస్‌లో రియాల్టో వంతెన దగ్గర నుంచి సెయింట్ మార్క్ చౌకు దాకా సాగే ఇరుకు బజారు పేరు మెర్చెరియా. గాజు గుర్రాలు, పూసల దండలు, పండగ ముసుగులు, లేసు రుమాళ్లతో అక్కడి కొట్లు కిటకిటలాడుతుంటాయి. చూడ్డానికి ఒక్కలాగే ఉన్న రెండు గాజు గిన్నెల్లో ఒకటి కాఫీ ఖరీదుకు వస్తే, రెండోదానికి హోటల్ గది అద్దె అంత చెప్తారు. పర్యాటకులు వచ్చిపడి ఊరిని సంతగా మార్చేశారని విసుక్కునేవాళ్లు చాలామంది. కానీ ఈ ఊరు ఎప్పుడూ సంతే. పైఊరివాడి చేతిలో సరుకు పెట్టి బతకడం వెనిస్‌కు వందల ఏళ్ల విద్య. ఒకప్పుడు ఆ సరుకుకు పూచీపడే నాథుడు ఉండేవాడు. మధ్యలో లేకుండా పోయాడు. తేడా అక్కడుంది.

మొదట్లో వెనిస్ అమ్మినవి ఎక్కువగా పరదేశపు సరుకులే. మిరియాలు, పట్టు, రత్నాలు తూర్పు నుంచి తెచ్చి యూరప్‌కు అమ్మేది. ఆ ఊరి వర్తకుడు మార్కో పోలో తన యాత్రా కథనంలో మన మోటుపల్లి రేవు గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి చెప్పాడు. ఆ రాజ్యాన్ని ఏలుతున్నట్టు ఆయన చెప్పిన రాణి రుద్రమదేవేనని చరిత్రకారుల గుర్తింపు. సరుకు నాణ్యం ఎరిగిన కన్ను కాబట్టే బట్ట నేతను అంతగా పట్టించుకుంది.

యాత్రికుడి పరుపు

వెనిస్‌కు తొలి పర్యాటకులు జెరూసలేం యాత్రికులు. ఓడ ఎక్కాలంటే ఈ రేవుకే రావాలి, వారాల తరబడి ఇక్కడే పడిగాపులు పడాలి. 1458లోనూ, 1462లోనూ ఆ యాత్ర చేసిన ఇంగ్లిష్ మతాచార్యుడు విలియం వే తోటివారి కోసం రాసిపెట్టిన సలహాల్లో బజారు సంగతులు బోలెడు. సెయింట్ మార్క్ చర్చి పక్కన పరుపు, దిండ్లు, దుప్పట్లు కలిపి మూడు డకట్లకు (వెనిస్ బంగారు నాణేలకు) దొరుకుతాయట. తిరిగొచ్చాక అవి ఎంత నలిగిపోయినా అదే కొట్టువాడు డకటున్నర ఇచ్చి వెనక్కి తీసుకుంటాడట. ఓడలో తినడానికి అరడజను కోళ్లను, వాటికో పంజరాన్ని కూడా కొనుక్కోమన్నాడు.

ఈ బేరాల్లో యాత్రికుడు మోసపోకుండా ప్రభుత్వమే మార్గదర్శకులను నియమించింది. వాళ్లను తోలోమారి అనేవారు. బస చూపడం, నాణేలు మార్పించడం, కొనుగోళ్లలో తోడుండడం వాళ్ల పని. వాళ్ల మీద మళ్లీ అధికారుల నిఘా. వచ్చినవాడు తిట్టుకుంటూ పోతే మరుసటేడు రేవు బోసిపోతుందని వెనిస్‌కు తెలుసు.

నడివీధిలో మందు తయారీ

అప్పటి వెనిస్ నుంచి తప్పక తీసుకెళ్లాల్సిన సరుకుల్లో తేరియాక ఒకటి. విషాలకు విరుగుడనీ, సర్వరోగ నివారిణి అనీ పేరు. అరవైకి పైగా దినుసులు, వాటిలో పాము మాంసం కూడా ఉండేది. దాన్ని చాటుమాటుగా చేయడానికి వీల్లేదు. దినుసులన్నీ ముందు జనం కంటబడేలా పరచాలి, అధికారులు పరీక్షించాలి, ఆ తర్వాత దుకాణం ముందు పెద్ద రోళ్లలో అందరి ఎదుట దంచాలి. ఇంగ్లిష్ దినచర్య రచయిత జాన్ ఈవ్లిన్ ఆ తంతును చూసి ముచ్చటపడ్డాడు. 1646లో ఊరు విడిచేటప్పుడు కట్టుకున్న మూటల్లో పుస్తకాలు, చిత్రాలతో పాటు తేరియాక కూడా ఉంది. మందు పనిచేసిందో లేదో గానీ, తయారీలో దాపరికం లేదన్న నమ్మకమే దానికి గిరాకీ తెచ్చింది.

గాజు దీవి

గాజు విషయంలో కాపలా ఇంకా కఠినం. పనివారి శ్రేణికి 1271 నాటికే రాతపూర్వక నియమావళి ఉంది. అగ్నిప్రమాదాల భయంతో 1291లో కొలుములన్నిటినీ పక్కనున్న మురానో దీవికి తరలించారు. రహస్యం దాటిపోకుండా ఉండడానికీ ఆ దీవి పనికొచ్చింది. గాజు పనివాడు అనుమతి లేకుండా దేశం దాటితే నేరం. 15వ శతాబ్దం మధ్యలో ఆంజెలో బరోవియెర్ స్ఫటికంలా తేటగా ఉండే గాజును సాధించాక యూరప్ రాజులంతా మురానో కోసం ఎగబడ్డారు.

ఆ పని ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఇనుప గొట్టం కొసన ఎర్రటి ముద్ద. మేస్త్రీ బల్ల మీద కూర్చుని ఎడమ చేత్తో గొట్టాన్ని దొర్లిస్తూనే ఉంటాడు, ఆపితే ముద్ద ఒకవైపు జారిపోతుంది. కుడి చేతిలో పట్టకారు. కుర్రాడు గొట్టం రెండో కొసన నోరుపెట్టి, మేస్త్రీ చెప్పినప్పుడు మాత్రం ఊదుతాడు. చల్లబడుతుంటే మళ్లీ కొలిమిలోకి. గుర్రం బొమ్మ అయితే నాలుగు కాళ్లూ సాగదీయడానికి నిమిషాలే వ్యవధి.

ఎంత కాపలా ఉన్నా రహస్యం దాటింది. 1665లో ఫ్రెంచి మంత్రి కోల్బెర్ మురానో అద్దాల పనివారిని రహస్యంగా ప్యారిస్ రప్పించాడు. తర్వాత వెర్సాయ్ అద్దాల మందిరాన్ని ఫ్రాన్స్ తన అద్దాలతోనే కట్టుకుంది. ఇంకోవైపు ఇంగ్లండ్, బొహీమియా గాజులు పోటీకొచ్చాయి. కానీ ఊరిని చూడవచ్చే దొరలు మాత్రం తగ్గలేదు. వాళ్ల కోసం చిత్రకారుడు కనలెట్టో కాలువలను, చౌకులను చిత్రాలుగా గీసిచ్చాడు. 1740లలో యుద్ధం వల్ల ఇంగ్లిష్‌వారి రాకపోకలు తగ్గేసరికి, 1746లో ఆయనే లండన్ వెళ్లాడు.

పూచీదారు పోయాక

1797లో నెపోలియన్ చేతిలో వెనిస్ గణతంత్రం కూలింది. కొద్ది ఏళ్లకే వృత్తి శ్రేణులు రద్దయ్యాయి. కొలుములు చాలావరకు ఆరిపోయాయి. పూసల వ్యాపారం మాత్రం నిలబడింది. వెనిస్ పేదవాడల ఆడవాళ్లు గుమ్మాల ముందు కూర్చుని, ఒడిలో చెక్క పళ్లెం నిండా పూసలు పోసుకుని, విసనకర్రలా పట్టుకున్న పొడవాటి సూదుల గుత్తిని అందులో గుచ్చి లాగేవారు. కూలి చాలా తక్కువ.

మళ్లీ ప్రాణం పోసిందీ సందర్శకుల గిరాకీయే. విచెంజాకు చెందిన న్యాయవాది అంతోనియో సాల్వియాతి 1859లో గాజు మొజాయిక్ కార్ఖానా పెట్టాడు. 1861లో మురానోలో గాజు మ్యూజియం వెలిసింది. బురానో దీవి లేసు కథ ఇంకా విచిత్రం. 1872లో అక్కడ లేసు పాఠశాల పెట్టే నాటికి పాత కుట్టు తెలిసింది చెంచా స్కార్పరియోలా అనే ఒక్క ముసలమ్మకే. ఆమెకు కుట్టడం వచ్చు గానీ నేర్పడం రాదు. స్థానిక పంతులమ్మ పక్కన కూర్చుని, ఆ వేళ్ల కదలికలు చూసి నేర్చుకుని పిల్లలకు చెప్పింది. ఆ బడి దాదాపు వందేళ్లు నడిచింది.

పర్యాటకం పెరిగాక దిగుమతి గాజు, మిషన్ లేసు మురానో, బురానో పేర్లతో కొట్లలోకి దూరాయి. అందుకే 1994లో వెనెతో ప్రాంతీయ ప్రభుత్వం చట్టంతో ‘వెట్రో ఆర్టిస్టికో మురానో’ ముద్ర తెచ్చింది. చేతివృత్తుల వస్తువులకు యూరప్ అంతటా వర్తించే భౌగోళిక గుర్తింపు చట్టం 2023లో గానీ రాలేదు. ఈ విషయంలో మన పోచంపల్లి చీర వాళ్లకంటే ఎన్నో ఏళ్లు ముందే గుర్తింపు పొందింది.

కొనదలచినవాళ్లు ఆ ముద్ర ఉందా, ఏ కొలిమిలో చేశారు అని అడిగితే నిజమైన దుకాణదారు నొచ్చుకోడు. ఉచితంగా పడవెక్కించి కార్ఖానా చూపిస్తామంటే, ఆ పడవ కిరాయి బొమ్మ ధరలోనే ఉంటుందని గ్రహించాలి. మురానో కొలుములు రాత్రింబవళ్లు గ్యాసుతో మండాల్సిందే. 2021, 2022లలో గ్యాసు ధరలు చుక్కలంటినప్పుడు చాలామంది కొలుములు ఆర్పేసుకున్నారు. చట్టం మురానో పేరుకు కాపలా కాస్తుంది గానీ గ్యాసు బిల్లు కట్టదు. ఆ డబ్బు కొనేవాడి జేబులోంచే రావాలి.