తెలిసిన భయం

కాన్పు భయాన్ని మనసు వైపు నుంచి తగ్గించే ప్రయత్నాల చరిత్రను చాలామంది 1930లలో ఇంగ్లండు వైద్యుడు గ్రాంట్లీ డిక్ రీడ్‌తో మొదలుపెట్టి, 1950లలో పారిస్ వైద్యుడు లమాజ్ నేర్పిన ఊపిరి సాధన మీదుగా నేటికి తెస్తారు. ఈ వరుసలో ఒక లోపముంది. ఆ ఇద్దరూ ప్రధానంగా పట్టించుకున్నది తెలియనితనం వల్ల పుట్టే భయాన్ని. తొలి కాన్పులో చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషిది తెలిసిన భయం. దానికి పాఠాలు చాలవు.

మన దగ్గర, 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆ తరానికి తల్లీబిడ్డా బతకడమే గెలుపు; మనసులో మిగిలే భయం సంగతి తర్వాతిది.

చేదు కాన్పు మిగిల్చే భయాన్ని వేరుచేసి చూపిన పత్రం 2000లో బ్రిటన్‌లో వచ్చింది. రాసినవారు హాఫ్‌బర్గ్, బ్రాకింగ్‌టన్. అసలు తగవూ అప్పటిదే. కాన్పయ్యాక జరిగిందంతా తల్లిచేత చెప్పిస్తే మనసు కుదుటపడుతుందా? 1998 నాటి ఇంగ్లండు పరిశీలన ఔనంది. 2000లో ఆస్ట్రేలియాలో, ఆపరేషన్‌తోనో పరికరాలతోనో కన్న 1,041 మందిని చూశారు. ఇంటికి పంపేముందు ఒక్కసారి మాట్లాడించినందువల్ల ఆరు నెలలకు మేలేమీ కనబడలేదు. దాంతో మాటలతో పనిలేదనుకున్నారు కొందరు. అది తొందరపాటు. 2005లో ఆస్ట్రేలియాలోనే జెన్నీ గ్యాంబుల్ బృందం, కాన్పులో కలతపడిన 103 మందిని తీసుకుంది. మిడ్‌వైఫ్ మూడు రోజుల్లోపు ఒకసారి, నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ఫోనులో మరోసారి మాట్లాడినవారిలో మూడో నెలకు ఆ కలత లక్షణాలు తగ్గాయి. సంఖ్య చిన్నదే, మరుసటి గర్భం దాకా చూసిందీ కాదు. అయినా నాకు తోచేది ఒకటే: పనిచేసింది చెప్పించడం కాదు, మళ్లీ పలకరించడం.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల పత్తి, మిర్చి ఊళ్లవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో, అమ్మ పక్కన. మలి కాన్పుకు చాలామంది అత్తింట్లోనే ఉంటారు. భయం పెరిగిన వేళకే తోడు తగ్గుతుంది. "ఒకసారి కన్నదానివేగా, ఇంకా భయమేంటి?" అన్న మాట నోరు కట్టేస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, 42.4 శాతం ఆపరేషన్లు. ప్రాణాలు నిలిపిన ఆసుపత్రికి దండం పెట్టాలి. కానీ భయపడే తల్లికి కోత ఒక్కటే జవాబైతే ఒప్పుకోలేను. 2016లో కేంద్రం ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదిలోకి తోడును అనుమతించింది. 2022 నుంచి మానసిక సాయానికి టెలీ మానస్ 14416 ఫోను నంబరుంది. మంచివే. అయితే ఆ నంబరుకు మనం చేయాలి; అది మనల్ని పలకరించదు.

అందుకే ఏఎన్ఎంలకు, ఆశా అక్కలకు నా మనవి. రెండోసారి గర్భిణి పేరు రాసుకునేటప్పుడు బరువు, బీపీ చూశాక "పోయినసారి నీకెలా గడిచిందమ్మా?" అని అడగండి. వచ్చే నెలా మీరే అడగండి.