మోకాలి ఫ్రాక్చర్ల శస్త్రచికిత్స: చారిత్రక పరిణామం

పరిచయం

తొడ ఎముక కింది కొన, టిబియా అనే కాలి ఎముక పై కొన, ముందువైపు చిప్ప కలిసి మోకాలి కీలు ఏర్పడుతుంది. ఇక్కడ ఎముక తీవ్రంగా విరిగినప్పుడు వైద్యునికి మూడు సమస్యలు ఎదురవుతాయి. కీలులోకి సూక్ష్మజీవులు చేరితే చీము పడుతుంది. మోకాలి వెనుక ఉన్న ధమని దెబ్బతింటే పాదానికి రక్తం అందదు. ఎముక పైతలం ఎగుడుదిగుడుగా అతికితే కీలు సరిగా పనిచేయదు. ఎముకను అతికించినంత మాత్రాన కాలు దక్కదని వైద్యులు ఎలా తెలుసుకున్నారో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. సూక్ష్మజీవుల నివారణ

చర్మం చీలి ఎముక బయటపడితే దానిని కాంపౌండ్ ఫ్రాక్చర్ అంటారు. 19వ శతాబ్దం మధ్య వరకు ఇటువంటి గాయాలు చీముపట్టి ప్రాణం తీసేవి. అందువల్ల వైద్యులు తరచుగా కాలినే తొలగించేవారు. 1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తును ప్రదర్శించిన తరువాత శస్త్రచికిత్సలో నొప్పి తగ్గింది గాని, చీము తగ్గలేదు.

పాశ్చర్ పరిశోధనలతో ప్రభావితుడైన జోసెఫ్ లిస్టర్, 1865 ఆగస్టులో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో 11 ఏళ్ల బాలునికి చికిత్స చేశాడు. బండి చక్రం ఎక్కి అతని టిబియా విరిగింది. లిస్టర్ గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టాడు. దాదాపు ఆరు వారాల్లో కాలు నయమైంది.

1877లో లండన్‌లో ఆయన మరో అడుగు ముందుకు వేశాడు. చర్మం చీలకుండా చిప్ప మాత్రమే విరిగిన రోగికి మోకాలిని తెరచి, ముక్కలను వెండి తీగతో బిగించాడు. చెడని కీలును కావాలని తెరవడం నాటి వైద్యులలో చాలామందికి దుస్సాహసంగా తోచింది. అయితే గాయం చీముపట్టకుండా మానింది.

2. రక్తప్రసరణ పునరుద్ధరణ

మోకాలి వెనుక నుంచి పోయే పాప్లిటియల్ ధమని తుపాకీ గాయాలలోనే కాక, తీవ్రమైన ఫ్రాక్చర్లలోనూ తెగవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన అమెరికా సైనికుల వివరాలను డిబేకీ, సిమియోన్ 1946లో ప్రచురించారు. ఈ ధమని గాయపడినవారిలో సుమారు 73 శాతం మంది కాలిని కోల్పోయారు. అప్పట్లో తెగిన ధమనిని ముడివేయడమే సాధారణ పద్ధతి. కొరియా యుద్ధంలో (1950-53) ధమనిని కుట్టడం, అవసరమైతే సిరముక్కను అతికించడం ప్రారంభించారు. క్షతగాత్రులను త్వరగా ఆసుపత్రికి చేర్చడం కూడా తోడ్పడింది. కాలు కోల్పోయినవారు సుమారు 32 శాతానికి తగ్గారు.

3. కీలు తలం, చర్మ రక్షణ

కాలిని ఎక్కువ కాలం పిండికట్టులో ఉంచితే మోకాలు బిగుసుకుపోతుంది. 1958లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన ఏఓ బృందం ప్లేట్లు, స్క్రూలతో ఎముకను గట్టిగా బిగించి, కీలును త్వరగా కదిలించాలని బోధించింది. 1979లో టొరంటోకు చెందిన షాట్జ్‌కర్, ఆయన సహచరులు టిబియా పైతలపు ఫ్రాక్చర్లను ఆరు రకాలుగా వర్గీకరించారు.

కాని తీవ్రమైన రకాలలో వాచిన చర్మాన్ని వెంటనే కోసి ప్లేట్లు అమర్చినప్పుడు, చర్మం చనిపోయి చీముపట్టిన సందర్భాలు ఎదురయ్యాయి. దీనితో దశలవారీ చికిత్స రూపొందింది. మొదట తొడను, కాలిని బయటి కడ్డీలతో కలిపి కదలకుండా ఉంచుతారు. వాపు తగ్గి చర్మంపై ముడతలు కనిపించిన తరువాతే ప్లేటు వేస్తారు. సోవియట్ యూనియన్‌లోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ 1950ల నుంచి అభివృద్ధి చేసిన వలయాల పరికరం మరో మార్గం. దీనిలో సన్నని తీగలే చర్మాన్ని దాటి ఎముకలోకి వెళ్తాయి గనుక పెద్ద కోత అవసరం తగ్గుతుంది.

సారాంశం

లిస్టర్ పద్ధతి కీలును తెరిచే ధైర్యాన్నిచ్చింది. యుద్ధ వైద్యం రక్తనాళం విలువను తెలిపింది. ప్లేట్ల అనుభవం చర్మం విలువను నేర్పింది. తెగిన ధమని విషయంలో గంటల ఆలస్యం కూడా కాలిని పోగొట్టవచ్చు. వాచిన చర్మం విషయంలో రోజుల తరబడి ఆగడమే కాలిని కాపాడవచ్చు. ఏది ఆగుతుందో, ఏది ఆగదో గుర్తించడమే ఈ చరిత్ర నేర్పిన ముఖ్యమైన పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లిస్టర్ 1865లో, 1877లో చేసిన చికిత్సల మధ్య తేడా ఏమిటి?
2. దశలవారీ చికిత్స ఎందుకు అవసరమైందో వివరించండి.