ఛాయాచిత్రంలో రాగి నాణెం: అరుగుదలను చదవడంలోని చిక్కులు

తెలుగులో నేడు ధనమంతటికీ పేరైన ‘డబ్బు’ ఒకప్పుడు ఒక రాగి నాణేనికి పేరు. ఈస్టిండియా కంపెనీ వ్యవహారంలోకి అది ‘డబ్’ అనే రూపంలో ప్రవేశించింది. దక్షిణాది భాషలలోని ‘కాసు’ పోర్చుగీసుల నోట మారి, ఇంగ్లీషులో ‘క్యాష్’ అయి, చివరికి కంపెనీ నాణేల మీదనే అచ్చుపడింది. ఇటువంటి పదాల చరిత్రను రాసే పరిశోధకునికి ఆ పదం సూచించిన వస్తువును కూడా చూడవలసిన అవసరం కలుగుతుంది. అయితే చాలా సందర్భాలలో నాణెం చేతికి అందదు. వేలంపాట జాబితాలోని ఛాయాచిత్రం, దాని కింద ‘ఫైన్’ అనో ‘వెరీ ఫైన్’ అనో ఒక మాట మాత్రమే దొరుకుతాయి. ఆ మాటను ఆధారం చేసుకొని, ‘నాణెం బాగా అరిగింది కనుక తెలుగు జిల్లాల సంతలలో చాలాకాలం చేతులు మారింది’ అని నిర్ణయించడం సులభం. ఆ నిర్ణయానికి ఛాయాచిత్రం ఎంత బలమిస్తుందో పరిశీలించవలసి ఉంది.

ముందుగా గ్రేడు అనే మాట స్వభావాన్ని గమనించాలి. అది చరిత్రకారులు ఏర్పరచుకొన్న కొలమానం కాదు, బేరంలో పుట్టినది. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 70 అంకెల కొలమానాన్ని విలియమ్ షెల్డన్ 1949లో ప్రతిపాదించాడు. ఆయన దానిని రూపొందించింది 1793 నుండి 1814 వరకు వెలువడిన అమెరికన్ రాగి సెంట్ల కోసం. గుర్తుపట్టడానికి మాత్రమే వీలైన నాణేనికి 1, లోపంలేని దానికి 70. తొలి ఊహలో ఈ అంకెలు ధరల నిష్పత్తులే. తరువాత ధరల లెక్క చెదిరిపోయింది గానీ అంకెలు మిగిలాయి. కనుక గ్రేడు ప్రధానంగా ఒక నాణెం మార్కెట్టులో ఎంతకు నిలుస్తుందో చెబుతుంది. దానిని వాడుక కాలానికి కొలతగా తీసుకోవడం ఒక పనికోసం చేసిన తూకపురాయిని మరొక పనికి వాడటమే.

కంపెనీ 1808 నాటి పది కాసుల నాణెం ఈ చిక్కును స్పష్టంగా చూపుతుంది. మదరాసు ప్రెసిడెన్సీ కోసం ఈ నాణేలను బర్మింగ్‌హామ్ సమీపంలోని సోహోలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో ముద్రించాడు. ముందు ముఖం మీద రెండు సింహాలు మోస్తున్న కంపెనీ కులచిహ్నం, వెనుక ముఖం మీద పది కాసులు రెండు ఫలూసులని తెలిపే పారసీ వాక్యం ఉంటాయి. వ్యాసం సుమారు 26 మిల్లీమీటర్లు, బరువు 4.6 గ్రాములకు కొంచెం అటూ ఇటూ. ఈ నాణేలను పీపాలకు ఎత్తుకొని బయలుదేరిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్విన్ ఇసుకతిన్నెల మీద చిక్కి మునిగిపోయింది. 1980ల దశకంలో ఆ ఓడ నుండి నాణేలు లక్షల సంఖ్యలో బయటకు వచ్చాయి. నేడు సంగ్రాహకుల వద్ద విరివిగా కనిపించే 1808 నాటి పది, ఇరవై కాసుల నాణేలలో పెద్దభాగం ఈ ఓడవే.

అంటే అవి మదరాసు చేరలేదు. ఏ సంతలోనూ చేతులు మారలేదు. అయినా వాటిలో అనేకం ఛాయాచిత్రంలో వాడిన నాణేలుగానే కనిపిస్తాయి: మసకబారిన అక్షరాలు, గరుకైన చదును, అంచు దగ్గర తరుగు. ఉప్పునీరు చేసిన పనిని చేతుల రాపిడిగా పొరబడే పరిశోధకుడు, సముద్రగర్భంలో గడిచిన కాలాన్ని బజారులో గడిచిన కాలంగా లెక్కిస్తాడు. పీపాల నడుమ భద్రంగా ఉండి పదునైన గీతలతో బయటపడినవీ ఉన్నాయి. వాటి సంగతి ఇందుకు తలకిందులు. వాటిని చూసి ‘ఈ రకం జనంలోకి అంతగా వెళ్లలేదు’ అని మొత్తం ముద్రణ గురించి తేల్చడం కూడా పొరపాటే.

ఛాయాచిత్రంలోనే ఈ రెంటినీ వేరుచేసే జాడ ఒకటి ఉంది. చేతుల రాపిడి ఎత్తుల మీద మొదలవుతుంది. సింహాల తొడలు, డాలు మధ్యభాగం, అక్షరాల పైతలం ముందుగా నునుపవుతాయి; అక్షరాల మధ్యనున్న పల్లం చాలాకాలం చెక్కుచెదరదు. ఉప్పు ఎత్తుపల్లాలను ఎంచదు. అది రెండింటినీ తొలిచి, సన్నని గుంటలు మిగులుస్తుంది. చిత్రం తగినంత పెద్దదైతే, వెలుతురు ఒక పక్కనుండి ఏటవాలుగా పడితే, ఈ తేడా కంటికి అందుతుంది.

కానీ ఆ వెలుతురే మరొక చోట మోసం చేస్తుంది. ఏటవాలు కాంతి చిన్న గీతను లోతైన గాటుగా చూపుతుంది. స్కానరులోని చదునైన కాంతి అదే గీతను మింగేస్తుంది. ముద్రణ నాటి మెరుపును నాణేన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ వాల్చినప్పుడే గుర్తించగలం. కాంతి చక్రపు ఆకుల్లాగా తిరుగుతుంది. నిశ్చల చిత్రంలో ఆ తిరుగుడు ఉండదు గనుక మెరుపుకూ, పాలిషు పెట్టిన జిగికీ భేదం తెలియదు. ఇక రంగు సంగతి. రాగి నాణేన్ని ఎరుపు, ఎరుపు కలిసిన గోధుమ, గోధుమ అని మూడు తెగలుగా విభజించడం వాడుక. కెమెరాలో తెలుపు సరిచేసే అమరిక కొంచెం పసుపు వైపు ఒరిగితే గోధుమ నాణెం ఎర్రబడుతుంది. తెలుగు ఇళ్లలో చింతపండుతో తోమిన రాగి చెంబును ఎరిగినవారికి ఆ గులాబి ఛాయ పరిచితమే. తోమిన నాణెం కూడా అదే ఛాయలో ఉంటుంది. కాలం ఇచ్చిన పొర ఒకసారి పోతే తిరిగి అదే రకంగా రాదు. అయితే తోమడం వల్ల వచ్చిన ఎరుపునూ అమరిక తెచ్చిన ఎరుపునూ చిత్రంలో విడదీయాలంటే, నాణెం పక్కన రంగు తెలిసిన మరో వస్తువు ఉండి తీరాలి. వేలం జాబితాలలో అటువంటిది అరుదు.

మూడవ చిక్కు తెలుగు పరిశోధకులకు మరింత దగ్గరిది. మదరాసులో 1807 ప్రాంతంలో ముద్రించిన డబ్బు నాణేలపై తెలుగు, తమిళ అక్షరాలు ఉన్నాయి. సోహో యంత్రాల సమానమైన ఒత్తిడి వీటిలో కనిపించదు. రాగి బిళ్ల మీద అచ్చు పక్కకు జరిగితే పంక్తి చివరి అక్షరాలు అసలు పడవు. ఒత్తిడి చాలకపోతే తలకట్టు, వత్తు వంటి సన్నని అవయవాలు అచ్చులోనే ఉండిపోతాయి. ఇలా పడని గీతను ‘అరిగిపోయింది’ అని పూరించి చదివితే పాఠం ఒక విధంగా, ‘అచ్చులోనే లేదు’ అని చదివితే లిపిచరిత్ర మరొక విధంగా నడుస్తుంది. తలకట్టు లేని అక్షరాన్ని అచ్చు చెక్కినవాని అలవాటుగా ఎంచాలా, ముద్రణ లోపంగా ఎంచాలా? ఒక్క ఛాయాచిత్రంతో దీనికి సమాధానం లేదు. బలహీనంగా పడిన చోట రాగి బిళ్ల తొలినాటి గరుకు మిగులుతుంది, అరిగిన చోట నునుపు వస్తుంది. కానీ మామూలు చిత్రాలలో ఆ గరుకు కనబడదు. ఒకే అచ్చు నుండి వచ్చిన రెండు మూడు నాణేల చిత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడు కొంత దారి తెలుస్తుంది: ఒకదానిలో లేని తలకట్టు మరొకదానిలో ఉంటే అది అచ్చులో ఉన్నట్టే. తాళపత్ర ప్రతులను సరిపోల్చే పరిష్కర్త చేసే పని ఇదే. శాసన పరిశోధకులు తీసే కాగితపు అచ్చు రాతిని తాకి వస్తుంది కనుక అసలు కొలతను నిలుపుకుంటుంది. ఛాయాచిత్రానికి ఆ భాగ్యం లేదు.

ఈ దృష్టితో చూస్తే ఉత్తర సర్కారుల కోసం సోహోలోనే తయారైన 1794, 1797 నాటి నాణేలు మెరుగైన సాక్ష్యం. ‘రూపాయికి 48’, ‘రూపాయికి 96’ అని తమ విలువను తామే చెప్పుకొన్న ఈ నాణేలలో ముద్రణ సమానంగా ఉంటుంది. అందువల్ల పోయిన గీతను ముద్రణ లోపంగా కాక అరుగుదలగా భావించడానికి ఎక్కువ వీలుంది. అప్పుడు కూడా బరువు తెలియాలి. రాపిడి లోహాన్ని తీసుకుపోతుంది కనుక అరిగిన నాణెం తూకంలో తగ్గుతుంది. కిలుము పట్టిన నాణెం అంతగా తగ్గకపోవచ్చు. అంచు మందం, అంచు మీది గీతలు కూడా ఎదురుగా తీసిన చిత్రంలో పడవు.

కాబట్టి ఛాయాచిత్రం ఆధారంగా నాణేన్ని ఉదాహరించే వ్యాసంలో జాబితావారు ఇచ్చిన గ్రేడును యథాతథంగా ఎత్తి రాయడం కంటే, ఏ గీతలు కనబడుతున్నాయో, ఏవి కనబడటం లేదో, వెలుతురు ఏ వైపు నుండి పడిందో, బరువు ఇచ్చారో లేదో రాయడం ఉపయోగకరం. 1808 నాణెమైతే అది ఓడ నుండి వచ్చినదా అన్న ప్రశ్న మొదటి పంక్తిలోనే ఉండాలి. ఆ ప్రశ్నకు జవాబు దొరకని నాణేన్ని పది కాసుల రూపానికి, దానిమీది పారసీ వాక్యానికి సాక్ష్యంగా వాడుకోవచ్చు. తెలుగు నేల మీద దాని చెలామణికి మాత్రం కాదు.