సబ్బుబిళ్ళయా, ద్రవసబ్బా? – స్నానద్రవ్యముల చారిత్రక విచారణ

నిత్యకర్మానుష్ఠానమునకు స్నానమే ప్రథమ సోపానము. స్నానము చేయనిదే సంధ్యావందనమునకుగాని, దేవతార్చనకుగాని, పితృకార్యమునకుగాని అధికారము సిద్ధింపదు. అట్టి స్నానమునకు ఏ ద్రవ్యము యోగ్యమన్న ప్రశ్న నేడు అనేక గృహములందు ఉదయించుచున్నది. పెద్దలు సబ్బుబిళ్ళను విడువరు. యువతరము సీసాలోని ద్రవసబ్బును, అనగా బాడీవాషును కోరుచున్నది. పలువురి చేతులు తాకిన బిళ్ళ శుచియగునా అని కొందరు, సీసాలోని ద్రవము దేనితో తయారైనదో ఎవరెరుగుదురని మరికొందరు శంకించుచున్నారు. మడి, ఆచారము పాటించు ఇండ్లలో ఈ శంక అత్తాకోడళ్ళ నడుమ, తండ్రీకొడుకుల నడుమ వివాదముగా కూడ పరిణమించుచున్నది. ఈ వివాదమునకు పరిష్కారము ద్రవ్యము యొక్క రూపములో లేదు. దాని చరిత్రలో ఉన్నది.

ముందుగా శాస్త్రవ్యవస్థను స్మరింపవలెను. ధర్మశాస్త్రకారులు స్నానమును నిత్యము, నైమిత్తికము, కామ్యము, క్రియాంగము, మలాపకర్షణము, క్రియాస్నానము అని ఆరు విధములుగా విభజించిరి. వీటిలో మలాపకర్షణ స్నానము పేరునకు తగినట్లు దేహముపై చేరిన మలినమును తొలగించుటకే ఉద్దేశింపబడినది. దాని ఫలము దృష్టఫలము. కంటికి కనబడునది, చేతికి తెలియునది. తక్కిన స్నానములందు శుద్ధిహేతువు జలమే. మృత్తికా గోమయాదులను సమంత్రకముగా వినియోగించు సందర్భములు వేరు. కావున సబ్బు ఘనమైనను ద్రవమైనను మలాపకర్షణమునకు మాత్రమే సంబంధించినది. అది కర్మాధికారమును ఇచ్చునదీ కాదు, హరించునదీ కాదు. ఈ వివేకము కలిగినచో వివాదములో సగము అక్కడనే శమించును.

ఇక ప్రాచీనులు మలినమును దేనితో తొలగించుకొనిరి? మనుస్మృతి పంచమాధ్యాయమున ద్రవ్యశుద్ధి ప్రకరణములో పట్టువస్త్రములకు, ఉన్నికి చవుడుమన్ను, కంబళములకు అరిష్టకము, నారవస్త్రములకు తెల్ల ఆవాలు విధింపబడినవి. అరిష్టకమనగా మన కుంకుడుకాయయే; నురుగునిచ్చునది కనుక దానికి ఫేనిలమని నామాంతరము. వాత్స్యాయనుడు నాగరకుని దినచర్యను వర్ణించుచు ప్రతిదినము స్నానమును, రెండవనాడు ఉత్సాదనమును, మూడవనాడు ఫేనకమును చెప్పెను. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ఉద్వర్తన, ఉద్ఘర్షణ, ఉత్సాదనములతోపాటు ఫేనకమును కూడ పేర్కొనినది. అనగా నురుగుతో దేహమును శుభ్రపరచుకొను పద్ధతి ఈ దేశమునకు పరాయిది కాదు.

తెలుగునాట సున్నిపిండితో నలుగు పెట్టుకొనుట, కుంకుడురసముతో, శీకాయతో తలంటుకొనుట ఈ పరంపరకు చెందినవే. భోగినాడు, నరకచతుర్దశినాడు చేయు అభ్యంగనస్నానములో నేటికిని ఇవి కనిపించుచున్నవి. ఇందొక విశేషము గమనార్హము. మృత్తిక ముద్ద, సున్నిపిండి చూర్ణము, కుంకుడురసము ద్రవము. మూడు రూపములును ఒకే ఇంట, ఒకే స్నానఘట్టమున వాడుకలో నుండెను. ఘనము శ్రేష్ఠమా, ద్రవము శ్రేష్ఠమా అని ఎవరును తర్కింపలేదు.

సబ్బు చరిత్ర ఇందుకు భిన్నమైనది. ఆ పదమే సముద్రముల కావలినుండి వచ్చినది; అరబ్బీ 'సాబూన్', లాటిను 'సాపో' మొదలైనవి దాని జ్ఞాతిపదములు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునకు చెందిన రోమను గ్రంథకర్త ప్లినీ, గాల్ దేశీయులు జంతువుల క్రొవ్వును, బూడిదను కలిపి ఈ పదార్థమును చేసి, శిరోజములకు ఎర్రని వన్నె కలిగించుటకు వాడుదురని వ్రాసెను. క్రొవ్వు, క్షారము అను ఈ రెండే నేటికిని సబ్బునకు మూలద్రవ్యములు. క్రొవ్వు స్థానమున నూనె యుండవచ్చును. సిరియాలోని అలెప్పో నగరమున ఆలివునూనె, లారెల్ నూనెలతో సబ్బు వండుట ప్రసిద్ధమైనది. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ 1688లో వెలువరించిన శాసనము మార్సెయ్ సబ్బునకు ఆలివునూనెను తప్ప జంతువుల క్రొవ్వును వాడరాదని నిర్దేశించినది. మూలద్రవ్యమును గూర్చిన విచారము మన దేశమునకు మాత్రమే పరిమితము కాదని దీనివలన తేలుచున్నది.

ఘనద్రవ భేదమునకు కారణము క్షారములో ఉన్నది. సోడియం క్షారముతో వండిన సబ్బు గట్టిపడును. పొటాషియం క్షారముతో వండినది మెత్తగా, జిగటగా ఉండును. కట్టెల బూడిదలో పొటాషియం అధికము. అందుచే కట్టెల బూడిదతో చేసిన పూర్వపు సబ్బులు మెత్తనివి. 1791లో నికొలా లెబ్లాఁ ఉప్పునుండి సోడాను తయారుచేయు విధానమునకు అధికారపత్రము పొందిన పిమ్మట క్రమముగా సోడా చౌకయై గట్టి బిళ్ళ సర్వత్ర వ్యాపించినది. 'మన పెద్దలనాటి బిళ్ళ', 'నేటికాలపు ద్రవము' అను విభజనకు చరిత్రలో ఆధారము స్వల్పమే.

భారతదేశమునకు కర్మాగారపు సబ్బు వచ్చిన కథ మరింత ఆలోచనీయము. 1888లో లీవర్ బ్రదర్స్ వారి సన్‌లైట్ సబ్బు ఇంగ్లండునుండి కలకత్తా రేవునకు చేరినది. 1895లో లైఫ్‌బాయ్ వచ్చినది. అప్పటికి 1857 నాటి తూటాల ఉదంతము జరిగి నాలుగు దశాబ్దములైనను నిండలేదు. తూటాల కాగితమునకు పూసిన క్రొవ్వు ఆవుదో పందిదో అన్న శంక ఎంతటి సంక్షోభమునకు నిమిత్తమైనదో లోకవిదితము. విదేశీయ సబ్బులలో జంతువుల క్రొవ్వు ప్రధానద్రవ్యమగుటచే నైష్ఠికులు దానిని దూరముంచుట సహజమే.

స్వదేశోద్యమము ఈ శంకకు క్రియారూపమైన సమాధానము చెప్పినది. బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ మొదటి ప్రపంచయుద్ధాంత కాలమున కేవలము వృక్షజన్య తైలములతో స్నానపు సబ్బును తయారుచేయించెను. ఆయన పారసీకుడు, జంతుహింసాసంబంధము లేని సబ్బు ఈ దేశమునకు అవసరమని గుర్తించిన దూరదర్శి. రవీంద్రనాథ ఠాకూరు ఆ సబ్బును బహిరంగముగా ప్రశంసించెను. మైసూరు సంస్థానమున యుద్ధకారణముగా చందనపు కట్టె ఎగుమతి నిలిచిపోగా, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రభుత్వము 1916లో చందనతైల కర్మాగారమును, 1918లో సబ్బు కర్మాగారమును బెంగుళూరున నెలకొల్పినది. ఆనాటి దివాను మోక్షగుండము విశ్వేశ్వరయ్య. శాస్త్రీయభారమును వహించినవాడు సోసలె గరళపురి శాస్త్రి. దేవతార్చనలో వాడు చందనము సబ్బులో చేరి గృహస్థుల స్నానశాలలోనికి ప్రవేశించినది. కలకత్తాలో ఖగేంద్రచంద్ర దాసు స్థాపించిన సంస్థ వేపనూనెను ఆధారముగా గైకొని మార్గో సబ్బును తెచ్చినది.

ఈ ఘట్టమే ఆచారపరుల గృహములందు సబ్బుబిళ్ళకు ప్రవేశము కల్పించినది. వారు రూపమును చూచి అంగీకరింపలేదు, మూలమును విచారించి అంగీకరించిరి. వారి మనుమలు బిళ్ళ యైనచో చాలునని, మూలవిచారమును మరచుట శోచనీయము. ఏలయన బిళ్ళలన్నియు వృక్షజన్యములు కావు. కట్టపై 'సోడియం టాలోయేట్' అని యున్నచో అది జంతువుల క్రొవ్వు. 'సోడియం పామేట్' తాటిజాతికి చెందిన పామ్ నూనె. 'సోడియం కొకోయేట్' కొబ్బరినూనె. గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లము రెండు మూలములనుండియు రావచ్చును. తయారీదారు స్పష్టముగా వృక్షజన్యమని చెప్పినప్పుడే సంశయము తీరును.

ఇప్పుడు ద్రవసబ్బు వంతు. 1865లో న్యూయార్కునకు చెందిన విలియం షెపర్డు ద్రవసబ్బునకు అధికారపత్రము పొందెను. మొదటి ప్రపంచయుద్ధమున క్రొవ్వులు కరవై జర్మనీ దేశస్థులు క్రొవ్వు అవసరము లేని కృత్రిమ శుద్ధిద్రవ్యములను కల్పించిరి. 1980లో అమెరికాలోని మినెటోంకా సంస్థ మీటవలె నొక్కిన వెలికి వచ్చు సీసాలో ద్రవసబ్బును ఇంటింటికి చేర్చినది. నేటి బాడీవాషులలో అధికభాగము ఈ రెండవ శాఖకు చెందినవి. వాటిలో హెచ్చుపాలు నీరు. మలినమును తొలగించునది 'సోడియం లారెత్ సల్ఫేట్' వంటి పదార్థము. అది కొబ్బరి, పామ్ గింజల నూనెలనుండి పుట్టవచ్చును, శిలాతైలము నుండియు పుట్టవచ్చును. నీరున్నచోట సూక్ష్మజీవులు పెరుగును గనుక వాటిని నిరోధించు ద్రవ్యములను చేర్చుట అనివార్యము. పొటాషియం క్షారముతో వండిన నిజమైన ద్రవసబ్బులును కలవు, కాని అవి అల్పము. అట్లే బిళ్ళ రూపమున నున్నదెల్ల సబ్బు కాదు. కృత్రిమ ద్రవ్యములతో అచ్చుపోసిన బిళ్ళలును ఉన్నవి.

గుణదోషములను నిష్పక్షపాతముగా పరిశీలింపవలెను. సబ్బు స్వభావతః క్షారగుణము కలది. చర్మము కొంచెము ఆమ్లగుణము కలది. శుష్కచర్మము కలవారికి, వృద్ధులకు మృదువైన ద్రవము మేలు చేయవచ్చును. రాయలసీమ, తెలంగాణ ప్రాంతములలో పలుచోట్ల బోరునీరు కఠినజలము. అందులోని కాల్షియంతో కలిసి సబ్బు తెల్లని తెట్టుగా మారి, నురుగు రాదు; కృత్రిమ ద్రవమునకు ఆ బాధ లేదు. ఇక పలువురు తాకిన బిళ్ళ విషయము. 1988లో ప్రకటింపబడిన ప్రయోగములలో సూక్ష్మజీవులను కావలెనని పూసిన బిళ్ళతో చేతులు కడుగుకొన్న వారికి ఆ క్రిములు సంక్రమింపలేదు. బిళ్ళను నీట నానబెట్టక, ఆరునట్లు ఉంచుటయే అవసరము. వ్రణములున్నవారు వేరుబిళ్ళ వాడుట ఉచితము.

బిళ్ళను ఎన్నుకొనువారు మరియొకటి తెలియవలెను. భారతీయ ప్రమాణముల ననుసరించి 'టాయిలెట్ సోప్' మూడు శ్రేణులు. కొవ్వుసారము మొదటి శ్రేణికి 76 శాతము, రెండవదానికి 70 శాతము, మూడవదానికి 60 శాతము తగ్గరాదు. 'బాతింగ్ బార్' అనునది వేరు వర్గము. దానికి 40 శాతము చాలును. సువాసనను బట్టి, వర్ణమును బట్టి కొనువారు ఈ అక్షరములను చదువరు.

మూలమును, ప్రయోజనమును విచారించిన పిదప మూడవ విచారము మిగిలియున్నది: కడిగిన నీరు ఎచటికి పోవును? మనుస్మృతి చతుర్థాధ్యాయము జలములలో ఉమ్మరాదని, మలమూత్రములను గాని, అమేధ్యలిప్తమైన వస్తువులను గాని, విషములను గాని విడువరాదని శాసించినది. తీర్థస్నానము మలాపకర్షణమునకు ఉద్దేశింపబడినది కాదు. దేహమలమును ఇంటనే కడుగుకొని, పిమ్మట నదిలో మునుగుట శిష్టాచారము. నేడు గోదావరీ, కృష్ణా స్నానఘట్టములందు సబ్బుబిళ్ళలు, షాంపూ పొట్లములు తేలుచుండుట చూచువారికి హృదయశల్యము. బిళ్ళ కరగి నదిలో కలియును. ద్రవము నదిలో కలియుటయే గాక తన సీసాను, పొట్లమును ఒడ్డున విడిచిపోవును. 2027లో గోదావరీ పుష్కరములు రానున్నవి. నదిని తల్లియని సంబోధించి సంకల్పము చెప్పిన నోటితో, ఆ తల్లి ఒడిలో నురుగును విడుచుట ఏ స్నానభేదమునందును చేరదు.

బ్రహ్మచారికి గంధమాల్యములు, అభ్యంజనము నిషిద్ధములు. సమావర్తనానంతరము ఆ నిషేధము తొలగును. కావున సుగంధభరితమైన ద్రవ్యము, ఘనమైనను ద్రవమైనను, వేదాధ్యయనము చేయు వటువునకు తగదు. అది గృహస్థునకు దోషము కాదు. ఒకే ఇంట తాతగారికి ద్రవము, తండ్రికి వృక్షతైలపు బిళ్ళ, ఉపనీతుడైన కుమారునికి సున్నిపిండి ఉండుటలో విరోధమేమియు లేదు. కట్టపైనున్న అక్షరములను చదివి, తన దేహమును తెలిసికొని, నదికి ఆవలనే కడుగుకొనువాడు ఏ రూపమును ఎన్నుకొన్నను ఆచారభ్రష్టుడు కాడు. చదువక, తెలియక, పరుల ఎంపికను నిందించువాడు మాత్రము స్నానము చేసియు ఒక మలినమును మిగుల్చుకొన్నవాడగును.

స్వస్తి.