వాటాకిచ్చిన పెట్ట: మన పెరటి కోళ్ల చరిత్ర

పోయిన వారం హాస్టల్లో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, రాజుల చరిత్ర చదువుతాం, పితూరీల చరిత్ర చదువుతాం, కోడికి చరిత్ర ఏముంటుంది?" అని. అప్పుడు నవ్వేశాను. తర్వాత గుర్తొచ్చింది, నేను ఇంటర్‌లో చేరినప్పుడు బస్సు చార్జీలు, ట్రంకు పెట్టె అన్నీ అమ్మ రెండు పుంజులు అమ్మిన డబ్బుతోనే వచ్చాయి. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ఇంటి కోడికి పూర్వీకుడు అడవి కోడే. ఏ అడవి అన్నదే ప్రశ్న. 2020లో 860కి పైగా కోళ్ల జన్యువులు పోల్చి చూస్తే, ఇంటి కోడికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం మయన్మార్, ఉత్తర థాయిలాండ్, చైనా నైరుతి ప్రాంతాల్లో తిరిగే ఎర్ర అడవి కోడి అని తేలింది. ఇక 2022లో పాత ఎముకలను మళ్లీ పరిశీలించినవాళ్లు, ఇంటి కోడివే అని గట్టిగా చెప్పగలిగిన ఎముకల్లో పాతవి థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికినవని చెప్పారు. వాటి కాలం సుమారు క్రీ.పూ. 1650 నుంచి 1250 మధ్య. అంతకుముందు ఎనిమిది వేలు, పది వేల ఏళ్లు అని రాసేవాళ్లు.

నన్ను ఆపేసింది ఆ తేదీ కాదు, వాళ్లు చెప్పిన కారణం. అక్కడి జనం అడవి కొట్టి మెట్ట వరి, చిరుధాన్యాలు చల్లడం మొదలుపెట్టారు. రాలిన గింజ కోసం అడవి కోడి చేను అంచుకి వచ్చింది, తర్వాత గాదె దగ్గరికి, ఆ తర్వాత ఇంటి చూరు కిందకి. ఎవరూ వల పట్టుకుని వెళ్లి మచ్చిక చేయలేదు, గింజ కోసం అదే వచ్చింది. చదువుతుంటే, ఇది మన పోడు కదా అనిపించింది! మచ్చిక చేసింది మన తాతలే అని నేను అనడం లేదు, అది ఇక్కడ జరిగింది కాదు. కానీ సామ, చోడి కోసే రోజుల్లో చేను పక్కన పొదల్లోంచి అడవి కోడి తొంగి చూడడం మనలో ఎంతమంది చూడలేదు?

మన దగ్గర ఇంకో విశేషం ఉంది. మన దేశంలో అడవి కోళ్లు రెండు రకాలు. ఎర్ర కోడి తూర్పు, ఉత్తర అడవులది, బూడిద కోడి దక్షిణాదిది. వీటి మధ్య హద్దు మన వైపు ఇంచుమించు గోదావరే. ఇంటి కోళ్లలో పసుపు కాళ్లు కనిపిస్తాయి కదా, ఆ పసుపు రంగు జన్యువు బూడిద అడవి కోడి నుంచి వచ్చిందని 2008లో తేల్చారు. అంటే పసుపు కాళ్ల కోడి ప్రపంచంలో ఎక్కడ తిరిగినా దాని ఒంట్లో ఈ వైపు అడవి కొంత ఉంది.

ఇక మన పెరటికి వద్దాం. మా అవ్వ జీవితంలో కోడిపిల్లను కొన్నది లేదు. పెట్ట పది పన్నెండు గుడ్లు పెడుతుంది, తర్వాత కదలకుండా కూర్చుంటుంది. అవ్వ బుట్టలో గడ్డి వేసి, చీకటి మూలన గుడ్లు సర్ది పొదగేసేది. ఇరవై ఒక్క రోజులకి పిల్లలు. పాత కుండలో పేడ, గడ్డి కుక్కి బోర్లిస్తే చెదలు పట్టేవి, అవే పిల్లల మేత. గద్ద, ముంగిస, బావురుపిల్లి తీసుకెళ్లగా నాలుగైదు మిగిలినా చాలు. రెండు నెలలు తల్లి వెంట తిప్పుకుని వదిలేస్తే మళ్లీ గుడ్లకి వచ్చేది. ఏడాదికి ఇలా మూడు సార్లు. దానికి నూకలు, చిట్టు తప్ప ఖర్చు లేదు. అందులో పండుగకి ఒకటి, చుట్టానికి ఒకటి, అవ్వ లెక్కలో అడవి గార్డు వస్తే కూడా ఒకటి.

కానీ మంద తనంతట తాను నిలబడేది పెరట్లో మాత్రమే కాదు. రంపచోడవరం వైపు మనవాళ్లలో వాటా పద్ధతి ఉంది. నా పెట్టను నీకు పెంచడానికిస్తాను, పిల్లలు చెరి సగం. చేతిలో రూపాయి లేని ఆడమనిషి కూడా మంద కట్టుకోగలిగింది ఇలాగే. ఆంత్ర అనే సంస్థ అసీల్ జాతి కోళ్ల మీద ఇక్కడి ఆడవాళ్లతో పనిచేసినప్పుడు ఈ వాటానే మళ్లీ నడిపించింది.

ఈ పద్ధతికి పెద్ద దెబ్బ కొక్కెర తెగులు. ఆకుపచ్చ పారుడు, మెడ మెలిక, మూడు రోజుల్లో పెరడు ఖాళీ. 1920ల చివర్లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో గుర్తించారు కాబట్టి ఆ పేరే పడింది. ఆ దగ్గరి ముక్తేశ్వర్ సంస్థలోనే 1940లలో దీనికి టీకా తయారైంది. అంటే ఎనభై ఏళ్లుగా మందు ఉంది! మన ఊళ్లకి ఎందుకు రాదంటే, చల్లగా ఉంచాలి, సీసా ఒక్కసారి కలిపితే గంటల్లోనే అయిపోవాలి, ఒక్కో సీసా వంద కోళ్లకి సరిపడా ఉంటుంది. మన ఇంట్లో ఉండేవి ఎనిమిది. ఊరంతా ఒకే రోజు, కోళ్లు గూట్లోంచి దిగకముందే వేయించుకుంటే తప్ప కుదరదు.

రెండో దెబ్బ మెల్లగా వచ్చింది. ఎక్కువ గుడ్ల కోసం తయారుచేసిన కోళ్లలో పొదిగే గుణం పోగొట్టారు, ఎందుకంటే పెట్ట పొదుగుడుకి కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి. హైదరాబాద్‌లో పెరటి పెంపకానికే తయారైన వనరాజా, గ్రామప్రియ కూడా ఏడాదికి నాటు కోడికన్నా చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి, కానీ పొదగవు. గుడ్లే కావాలంటే మంచివే. మంద కావాలంటే మాత్రం ప్రతిసారీ పిల్లల్ని బయటి నుంచే తేవాలి.

నేను తొమ్మిదిలో ఉండగా మా ఊరికి ఒక పథకం కింద పిల్లలొచ్చాయి. ఇంటికి ఇరవై. టీకా వేశారో లేదో ఎవరూ చెప్పలేదు. నెల తిరగకుండా తెగులు పడి అవీ పోయాయి, మా అవ్వ కాలం నుంచి వస్తున్న పెట్టలూ పోయాయి. మిగిలిన రెండు కొత్త పెట్టలు గుడ్లు పెట్టాయి గానీ ఒక్కటీ కూర్చోలేదు. అమ్మ గుడ్లు సర్దిన బుట్ట పట్టుకుని వాటి వెనకే తిరిగేది.

మూడేళ్ల ముందు అమ్మ ఒక పెట్టను వాగు అవతల ఊళ్లో మేనత్తకి వాటాకిచ్చింది. ఆ సంగతి మేమంతా మర్చిపోయాం. మేనత్త మర్చిపోలేదు. సంక్రాంతికి వస్తూ గంపలో మూడు పెట్టలు, వేరే ఇంటి నుంచి మార్చుకున్న పుంజు ఒకటి తెచ్చింది. "వదినా, ఇవి నీ వాటా, లెక్క చూసుకో" అంది. అమ్మ లెక్క చూడలేదు. ఒక పెట్టను ఎత్తి పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి, "ఇది వారంలో కూర్చుంటుంది" అంది.

నా ట్రంకు పెట్టె కొన్న పుంజులు ఆ పెట్ట పిల్లలే. ఇప్పుడు ఇంటి దగ్గర పద్నాలుగు ఉన్నాయి, రెండు వాటాకి వెళ్లాయి. సెలవులకి వెళ్లినప్పుడు మీ ఊళ్లో వాటాని ఏమంటారో, పిల్లల లెక్క ఎలా పంచుకుంటారో పెద్దవాళ్లని అడిగి కింద రాయండి.