నమోదు, నిషేధం, గుర్తింపు: వేశ్యావృత్తి చట్టాల చరిత్ర

‘వేశ్యావృత్తిని చట్టబద్ధం చేయాలా?’ అనే అంశం వక్తృత్వ పోటీల్లో తరచూ వస్తుంటుంది. ఒక పక్షం నీతి గురించి, మరో పక్షం స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంది. ఈ ప్రశ్న మన దేశానికి కొత్తది కాదన్న సంగతి ఇద్దరికీ గుర్తుండదు. గత నూట అరవై ఏళ్లలో ప్రభుత్వం ఈ వృత్తిని ఒకసారి నమోదు చేసి అనుమతించింది, మరోసారి అణచివేయాలని చూసింది. ఆ రెండు ప్రయత్నాల వల్ల ఏం జరిగిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

సైన్యం కోసం వచ్చిన చట్టం

ప్రాచీన రాజ్యాలు ఈ వృత్తిని ఆదాయ మార్గంగా చూశాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గణికాధ్యక్షుడనే అధికారి కనిపిస్తాడు. రూపాజీవలు నెలకు రెండు రోజుల సంపాదన పన్నుగా చెల్లించాలని ఆ గ్రంథం చెబుతుంది. గణికను బలవంతపెట్టిన వారికి దండన కూడా విధించింది.

బ్రిటిష్ పాలకుల ఉద్దేశం వేరు. 1857 తిరుగుబాటు తర్వాత మన దేశంలో తెల్ల సైనికుల సంఖ్య పెరిగింది. వారిలో సుఖవ్యాధులు వ్యాపించడంతో ప్రభుత్వం 1864లో కంటోన్మెంట్ చట్టాన్ని, 1868లో అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. వృత్తిలో ఉన్న స్త్రీలు తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. నిర్ణీత కాలానికొకసారి వైద్య పరీక్షకు హాజరు కావాలి. వ్యాధి ఉందని తేలితే ‘లాక్ హాస్పిటల్’ అనే ప్రత్యేక ఆసుపత్రిలో నిర్బంధంగా ఉండాలి. సికింద్రాబాద్, బళ్లారి కంటోన్మెంట్లలోనూ ఇలాంటి ఆసుపత్రులు పనిచేశాయి.

ఈ పద్ధతి ఎందుకు విఫలమైందో గమనించండి. వ్యాధి ఇద్దరి మధ్య వ్యాపిస్తుంది, కానీ చట్టం స్త్రీనే పరీక్షించింది. పరీక్ష అవమానకరంగా ఉండటంతో చాలామంది నమోదు కాకుండా తప్పించుకున్నారు. పైగా ఆనాటికి ఆ వ్యాధులకు సరైన మందు లేదు. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ నడిపిన ఉద్యమం ఫలితంగా అక్కడి చట్టాలు 1886లో, మన దేశపు చట్టం 1888లో రద్దయ్యాయి. అయినా కంటోన్మెంట్లలో పరీక్షలు కొనసాగుతూనే ఉన్నాయని 1891-92లో ఇక్కడ పర్యటించిన ఇద్దరు అమెరికన్ మహిళలు, ఎలిజబెత్ ఆండ్రూ, కేథరిన్ బుష్‌నెల్, బయటపెట్టారు.

సంస్కరణ: లాభం, నష్టం

అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో మరో ఉద్యమం మొదలైంది. వీరేశలింగం పంతులు ‘వివేకవర్ధని’ ద్వారా భోగం మేళాలను తీవ్రంగా విమర్శించారు. అయితే దేవదాసులను, ఆంధ్ర తీరంలోని కళావంతులను కేవలం వేశ్యలుగా లెక్కించడం చరిత్రకు సరిపోదు. వారికి ఆలయ సేవ, ఇనాం భూములు, సంగీత నాట్య విద్య ఉండేవి. స్త్రీలకే ఆస్తి సంక్రమించే ఆచారమూ వారిలో ఉండేది. మరోవైపు, ఊహ తెలియని బాలికను దేవుడి పేరుతో అంకితం చేసి, వివాహ జీవితానికి దూరం చేయడం కూడా ఆ వ్యవస్థలో భాగమే.

మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలైన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఈ ఆచారంపై పోరాడారు. ఆమె కృషితో 1929లో ఇనాం భూములను ఆలయ సేవ నుంచి విడదీశారు. 1947లో అంకితాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కళావంతుల వర్గం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం సంస్కరణను సమర్థించారు. బెంగళూరు నాగరత్నమ్మ వంటి కళాకారిణులు మాత్రం తమ అందరినీ వేశ్యలుగా ముద్ర వేయవద్దని ప్రభుత్వానికి విన్నవించారు. బాలికలకు రక్షణ దొరికింది, ఇది గొప్ప లాభం. కానీ వృత్తి, కళ, గౌరవం ఒకేసారి పోయిన స్త్రీలకు తగిన జీవనోపాధి దొరకలేదు. మద్రాసు చట్టం నిజాం రాజ్యానికి వర్తించలేదు. తెలంగాణ జోగినులతో సహా రాష్ట్రమంతటికీ వర్తించే ఆంధ్రప్రదేశ్ నిషేధ చట్టం 1988లో గానీ రాలేదు.

1956 చట్టం చెప్పేదేమిటి?

మనుషుల అక్రమ రవాణాను రాజ్యాంగం 23వ అధికరణంలో నిషేధించింది. 1950లో న్యూయార్క్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని అనుసరించి పార్లమెంటు 1956లో చట్టం చేసింది. 1986 సవరణతో అది ‘అక్రమ రవాణా నిరోధక చట్టం’గా పేరు మార్చుకుంది.

చాలామంది అనుకునేట్టు ఈ చట్టం ప్రకారం వయోజన స్త్రీ తనంతట తాను ఈ వృత్తి చేయడం నేరం కాదు. వేశ్యాగృహం నడపడం, ఆ సంపాదనపై బతకడం, బహిరంగంగా విటులను పిలవడం నేరాలు. ఆచరణలో దీని ఫలితం ఆలోచించండి. ఇద్దరు స్త్రీలు రక్షణ కోసం ఒకే ఇంట్లో ఉంటూ వృత్తి చేస్తే అది వేశ్యాగృహమవుతుంది. ఆమె సంపాదనపై బతికే ముసలి తల్లి కూడా నేరస్థురాలు కావచ్చు. 1958లో చట్టం అమలులోకి రాగానే అలహాబాదుకు చెందిన హుస్నాబాయి అనే స్త్రీ, తన జీవనోపాధి హక్కును కాపాడమని హైకోర్టుకు వెళ్లింది. ఆమె అర్జీని కోర్టు కొట్టివేసింది. ఇలాంటి స్త్రీని ఒక ప్రాంతం నుంచి వెళ్లగొట్టే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని 1963లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కొత్త దారి

ఎయిడ్స్ భయం ఈ చర్చను మార్చింది. 1992లో కలకత్తాలోని సోనాగాచిలో డాక్టర్ స్మరజిత్ జానా ఒక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించారు. అక్కడి స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. నిర్బంధం లేకపోవడంతో వారు దాక్కోవలసిన అవసరం రాలేదు. 1995లో వారు తమ సంఘాన్ని, సహకార బ్యాంకును ఏర్పాటు చేసుకుని వడ్డీ వ్యాపారుల పట్టు నుంచి బయటపడే ప్రయత్నం చేశారు. 1868 పద్ధతితో పోల్చి చూస్తే తేడా మీకే అర్థమవుతుంది.

2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఆధ్వర్యంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, ఈ స్త్రీలకూ గౌరవంగా జీవించే హక్కు ఉందని స్పష్టం చేసింది. పోలీసులు మర్యాదగా ప్రవర్తించాలని, అత్యాచారానికి గురైతే వైద్య సహాయం అందించాలని, నిరోధ్ వంటి వాటిని నేరానికి సాక్ష్యంగా చూపరాదని ఆదేశించింది. నియమించిన సంఘం చేసిన కొన్ని సిఫారసులపై కేంద్రం అభ్యంతరం తెలిపింది.

మనం ఏం తేల్చుకోవాలి?

‘చట్టబద్ధం’ అనే మాటకు ఒకే అర్థం లేదు. జర్మనీ 2002లో ఈ వృత్తికి కార్మిక హక్కులు కల్పించింది. న్యూజిలాండ్ 2003లో వయోజనులపై నేర శిక్షలను తొలగించింది, కానీ తాత్కాలిక వీసాపై వచ్చినవారిని ఆ రక్షణ నుంచి మినహాయించింది. స్వీడన్ 1999లో అమ్మేవారిని వదిలి, కొనేవారిని శిక్షించింది.

వ్యతిరేకుల వాదనలో బలముంది. పేదరికం, కులం నెట్టిన చోట ‘ఇష్టపూర్వకం’ అనే మాటకు ఎంత అర్థముంటుంది? జోగిని బాలిక ఏనాడూ ఎంచుకోలేదు. అందుకే బాలికల విషయంలో, రవాణా ముఠాల విషయంలో చట్టం ఎంత కఠినంగా ఉన్నా తక్కువే. కానీ లైసెన్సు ఇవ్వడం, శిక్ష వేయడం అనే రెండు పద్ధతులూ మన దేశంలో ఎక్కువ బరువును ఆ స్త్రీ భుజాలపైనే మోపాయని చరిత్ర చెబుతోంది. ఆమెను నేరస్థురాలిగా చూడకుండా, ఆమె పిల్లలకు బడి, ఆమెకు రేషన్ కార్డు, వేరే పని వెతుక్కునే అవకాశం ఇవ్వడం ముందు జరగవలసిన పని. వక్తృత్వ పోటీలో మీరు ఏ పక్షాన నిలబడినా సరే, మీరు సూచించే చట్టం భారం చివరకు ఎవరిపై పడుతుందో ముందు లెక్క వేసుకోండి.