ఘర్షణ వల్ల పీడన నష్టం: ఫైర్ హోసు నుంచి ఉద్దానం వరకు

గొట్టంలో నీరు ప్రవహించేటప్పుడు లోపలి గోడల ఘర్షణను అధిగమించడానికి కొంత పీడనం ఖర్చవుతుంది. దీన్ని ఘర్షణ నష్టం అంటారు. ఈ నష్టాన్ని లెక్కించే పద్ధతి ఎలా రూపొందిందో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి అది ఎందుకు ముఖ్యమో ఈ భాగంలో తెలుసుకుందాం.

జర్మన్ ఇంజనీరు జూలియస్ వైస్‌బాఖ్ 1845లో ఈ నష్టానికి సూత్రం ఇచ్చాడు. ఫ్రాన్స్‌లోని దిజోన్ పట్టణానికి తాగునీరు తెచ్చిన హెన్రీ డార్సీ వివిధ గొట్టాలపై ప్రయోగాలు చేసి, లోపలి గరుకుతనం ప్రభావాన్ని 1857లో వెల్లడించాడు. అమెరికాలో ఫ్యాక్టరీల అగ్నిబీమా సంస్థల ఇంజనీరు జాన్ ఆర్. ఫ్రీమన్ ఫైర్ హోసులను పరీక్షించి 1889లో ఫలితాలు ప్రచురించాడు. నునుపైన రబ్బరు పూత గల హోసులో నష్టం తక్కువ, పూత లేని నారబట్ట హోసులో ఎక్కువ అని కొలిచి చూపాడు.

ఈ కృషి వల్ల మూడు నియమాలు స్థిరపడ్డాయి. నష్టం గొట్టం పొడవుకు అనులోమానుపాతంలోనూ, ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలోనూ, వ్యాసపు అయిదో ఘాతానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది.

ఉదాహరణ: 63 మి.మీ. వ్యాసం, 30 మీటర్ల పొడవు గల హోసులో నిమిషానికి 500 లీటర్లు పారితే (ఘర్షణ గుణకం 0.005 అనుకుంటే) నష్టం సుమారు 0.34 బార్. ప్రవాహం 1000 లీటర్లయితే నష్టం నాలుగింతలై 1.36 బార్ అవుతుంది. అదే 1000 లీటర్లను రెండు సమాంతర హోసుల్లో పంపితే నష్టం తిరిగి 0.34 బారే. అందుకే దూరపు మంటకు అగ్నిమాపక సిబ్బంది రెండు లైన్లు వేస్తారు.

ఇక ఉద్దానం సంగతి చూద్దాం. ఇక్కడి కొబ్బరి, జీడిమామిడి తోటల పల్లెలను మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. బోరునీటిపై అనుమానంతో, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పలాస, ఇచ్ఛాపురం నియోజకవర్గాల 807 జనావాసాలకు గొట్టాల ద్వారా అందించే పథకాన్ని సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టి, 2023 డిసెంబరు 14న ప్రారంభించారు.

ఇలాంటి ఏ పథకంలోనైనా ఎగువ ఊళ్లు కుళాయిలకు మోటార్లు బిగిస్తే ప్రధాన గొట్టంలో ప్రవాహం పెరుగుతుంది. నష్టం దాని వర్గంతో పెరుగుతుంది. కాలువ కింద శివారు ఆయకట్టులాగే శివారు ఊరికి నీరందదు. అక్కడివారు మళ్లీ బోరునే ఆశ్రయించాలి. కాబట్టి చివరి కుళాయి దగ్గర మిగిలే పీడనమే పథకానికి అసలైన పరీక్ష.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: ప్రవాహం మూడింతలైతే ఘర్షణ నష్టం ఎన్ని రెట్లవుతుంది?